మూడు వేళ్ల బేరం

జనగామ బజారువాళ్లలో మోసపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ నా అంత తక్కువ ధరకు మోసపోయినవాడు ఇంకొకడు లేడని గట్టిగా చెప్పగలను. మీసం ఇంకా సరిగ్గా రాని వయసులో, కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని హైదరాబాదు బేగంబజారుకు పోయి, రెండు వేల జతల రబ్బరు చేతి తొడుగులు కొన్నాను. దవాఖానల్లో డాక్టర్లు వేసుకునేవి. సేటు చెప్పిన ధరలో మూడో వంతుకు తెచ్చాను. అక్కర్లేదన్నట్టు ముఖం పెట్టి మూడుసార్లు దుకాణం మెట్లు దిగాను. నాలుగోసారి దిగబోతుంటే సేటే లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "లేజా బేటా, తీస్కపో, నీతోని కాదు" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. బస్సు పైన మూడు మూటలు వేయించుకుని, కిటికీ పక్కన కూర్చుని, ఆలేరు దాటేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ సరుకును వదిలించుకోవాలని ఆ సేటు ఎన్నాళ్లుగా చూస్తున్నాడో, నేను మెట్లు దిగిన ప్రతిసారీ అతని గుండె ఎంత కొట్టుకుందో ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజు మా ఇద్దరిలో ఎవరు బాగా నటించారో తెలుస్తుంది.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొన్న భూపాలపల్లిలో ఒక కాలేజీకి అతిథిగా పోయి, ఒళ్లు మండి తిరిగొచ్చాను. పిల్లలు చదువుకుంటూనే చిన్న చిన్న వ్యాపారాలు చేయాలట, వ్యాపారస్తులు సమస్యలను ఎట్లా పరిష్కరిస్తారో చేసి నేర్చుకోవాలట, చేసింది వేదిక మీద చెప్పాలట, నాబోటివాళ్లు కూర్చుని మార్కులు వేయాలట. ఆలోచన మంచిదే. తాళ్లు, గోనెసంచులు, టార్పాలిన్లు అమ్ముకునే నన్ను పిలిచి శాలువా కప్పడం అంతకంటే మంచిది. చదువుకునే రోజుల్లోనే మిరపకాయలు ఏరే ఆడవాళ్లకు వేలి తొడుగులు తయారుచేసి అమ్మినవాడినని వాళ్లకు ఎవరో చెప్పారట, అందుకని పిలిచారు. శాలువాకు కొంత చెమట పట్టింది, పొగడ్తకు ఇంకొంత పట్టింది. సాయంత్రం ఆ కాలేజీ మెట్లు మాత్రం కోపంతో దిగాను. ఆ కోపం ఎవరి మీదనో తేల్చుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అది చెప్పాలంటే ముందు ఆ రెండు వేల జతల సంగతి చెప్పాలి.

మా దుకాణం జనగామ స్టేషనుకు పోయే దారిలో ఉండేది. తలుపు తీయగానే జనపనార వాసన, దానికి పట్టించిన నూనె వాసన గుప్పుమనేవి. ఆ వాసన మా అన్నంలో, మా పుస్తకాల్లో, మా అమ్మ జడలో కూడా ఉండేది. మా నాయనను మేము బాపు అనేవాళ్లం. బాపు పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లించి, కొత్తగా వచ్చిన మోకు చుట్టలను ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. తడి తగిలిన తాడును కంటితో పట్టలేమని, ముక్కుతోనే పట్టాలని ఆయన పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉండేది, అదంటే నాకు చచ్చేంత విసుగు. తాడు కావాలని ఎవరొచ్చినా ముందు ధర చెప్పడు, కత్తి చేతికి తీసుకోడు.

"దేనికి గడ్తవ్? బర్రెకా, బండికా, బాయికా?" అని మొదలుపెడతాడు. బర్రెకంటే, "ఎసొంటి బర్రె? ఇగ్గేదా, ఊకె నిలవడేదా?" అంటాడు. బావికంటే, "గిలక ఉన్నదా? చేదేది ఎవలు?" అంటాడు. చేదేది ముసలమ్మ అని తెలిస్తే అరచేయి కోయని మెత్తటి తాడు వెతికి తీస్తాడు. ఇంతా అడిగి ఒక్కోసారి, "గా పనికి తాడు ఆగది. ఇనుప తీగ గొనుక్కో, అవుతలి దుకాన్ల దొరుకుతది" అని పంపించేస్తాడు. పక్క దుకాణంలో ఐదుగురికి అమ్మేసరికి మా దగ్గర ఒక్కరికి బేరం తెగేది. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను.

"గిరాకీ తాడు గావాలంటడు. నువ్వు బర్రె జాతకం అడుగుతవేంది బాపూ?"

"బర్రె తెంపుకపోయిననాడు వాడు తాడును తిట్టడు బిడ్డా. నన్ను తిడ్తడు."

ఆ జవాబు నాకు ముసలివాళ్ల చాదస్తంలా వినిపించింది. వ్యాపారమంటే బేరం అనుకునేవాడిని. బేరంలో నన్ను మించినవాడు బజారులో లేడని నాకు పదిహేనేళ్లకే తెలుసు. చదువులో అంతటి పేరు రాలేదు. ఇంటర్‌లో నా మార్కులు చూసి జనగామలో ఎవరూ డిగ్రీ సీటు ఇవ్వలేదు. మానుకోటలో సీటు దొరికింది, మేనమామ ఇల్లూ ఉంది. మహబూబాబాదు అని కాగితాల మీద రాసేవాళ్లం, నోటితో మానుకోట అనేవాళ్లం. మామ రైల్వేలో డోర్నకల్ జంక్షన్‌లో పనిచేసేవాడు. మా అత్త గడియారం చూసేది కాదు. పొద్దుటి పాసింజరు కూత వినిపిస్తే పొయ్యి ముట్టించేది, సాయంత్రం బండి కూతకు కుట్టు మిషను మూసేది. వీధిలో వాళ్ల జాకెట్లన్నీ ఆమే కుట్టేది. నేను తినే అన్నంలో అప్పుడప్పుడు దారం పోగులు వచ్చేవి. జనపనార తిని పెరిగినవాడికి అదొక లెక్క కాదు.

మిరప సీజను వస్తే ఆ ప్రాంతమంతా తుమ్ముతుంది. మార్కెట్టు దారిలో పోయే బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ తుమ్ముతాడు, క్లాసులో సారు లెక్క చెబుతూ తుమ్ముతాడు. సాయంత్రం చేల నుంచి ట్రాక్టర్ల మీద తిరిగొచ్చే ఆడవాళ్లు చేతులను ఒంటికి తగలకుండా, వేళ్లు విడదీసి గాలికి పట్టుకుని కూర్చునేవాళ్లు. రోజూ చూసేవాడిని. ఒకరోజు నా బుర్రలో దీపం వెలిగింది. చేతులు మండుతున్నాయి, చేతులకు తొడుగులు కావాలి. ఇంత చిన్న సంగతి ఈ ఊళ్లో ఎవరికీ తట్టలేదని నవ్వుకున్నాను. రెండో సంవత్సరం ఫీజు కట్టమని బాపు ఇచ్చిన డబ్బు అప్పటికి నా దగ్గరే ఉంది. తరువాత జరిగిన బేరం మొదటే చెప్పాను.

డోర్నకల్ దారిలో ఒక చేనుకు మూట మోసుకుని పోయాను. పదిమంది దాకా ఆడవాళ్లు సాలు పట్టి ఏరుతున్నారు. నేను తొడుగు తీసి ఊది చూపించేసరికి పని ఆగిపోయింది.

"డాక్టరు సాబు వచ్చిండే! ఎవలికి నొప్పులు?" అని ఒకామె.

"మిరపచెట్టుకు. కాన్పు జేస్తడట!" అని ఇంకొకామె.

చేనంతా నవ్వింది. నేనూ నవ్వాను, అమ్మేవాడు నవ్వాలి కదా. ముచ్చటకు తలా ఒక జత ఊరికే ఇచ్చి వేసుకోమన్నాను. అరగంట కాలేదు, ఒక్కొక్కరే తీసి గట్టు మీద పడేశారు. లోపల చెమట కారి చెయ్యి జారుతోంది. గోరు తగిలిన చోటల్లా రబ్బరు చిరిగి, ఆ చిరుగులోంచి కారం లోపలికి పోయి, చెమటలో కలిసి రెట్టింపు మండుతోంది. మిరపకాయను తొడిమతో సహా తెంపాలి, తొడిమ ఊడితే మార్కెట్టులో ధర పడిపోతుంది. తొడుగు వేసుకున్న చేతికి తొడిమ తెలియడం లేదు. ఆసామి గంపలోకి చూసి నన్ను ఆ చేనులోంచి తరిమినంత పని చేశాడు. సాలు చివర ఒకామె, నలభై అయిదేళ్లు ఉంటాయేమో, సన్నగా ఉంది, అందరికంటే ముందు పోతోంది. నా వైపు చూడకుండానే, "జేసినోనికి మిరపచేను తెల్వది, అమ్మేటోనికి గూడ తెల్వది" అంది. ఆమె పేరు సారమ్మ. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మంచి చేయడానికి పోతే ఇదా మర్యాద అనుకుని మూటలు తెచ్చి అత్త వాళ్ల వెనక గదిలో పడేశాను.

ఫీజు కట్టలేదని కాలేజీ నుంచి మామకు కబురు వచ్చింది, మామ నుంచి జనగామకు పోయింది. మరునాడే బాపు దిగాడు. అత్త ఇచ్చిన మంచినీళ్లు తాగాడు, వెనక గదిలోకి వచ్చి ఒక తొడుగు తీసి వాసన చూశాడు. ఎంతకు కొన్నావన్నాడు. చెప్పాను, కొంచెం గర్వంగానే చెప్పాను.

"ధర గొన్నవ్ రా నువ్వు. సరుకు గొనలె" అన్నాడు. "ఏరేటోళ్లను అడిగినవా?"

"ఏం అడగాలె? చేతులు మండుతయని ఎవలికి తెల్వది?"

"మండుతయని అందరికి తెల్సు. ఎప్పుడు మండుతయో అడిగినవా?"

బాపు కోప్పడలేదు, అదే భయం వేసింది. వెళ్లేముందు గడప మీద నిలబడి చెప్పాడు. "ఉగాది దాంక జూస్త. ఫీజు పైసలు గీ సరుకుల నుంచే ఎల్లదీసి కట్టినవా, సదువుకో. లేకుంటే బట్టలు సర్దుకొని దుకాన్లకు రా. నాకు మోకాళ్లు పనిజేస్తలేవు, గద్దె మీద మనిషి గావాలె." ఆ గద్దె మీద కూర్చుని జీవితాంతం బర్రెల జాతకాలు అడగడం నాకు కళ్లముందు కనిపించింది. కాలేజీ నాకు పాఠాల కోసం కాదు, ఆ గద్దె నుంచి తప్పించుకోవడానికి కావాలి. ఉగాదికి రెండు నెలలు కూడా లేదు.

మళ్లీ ఆ చేనుకే పోయాను. ఈసారి మూట లేదు. గట్టు మీద కూర్చున్నాను. సారమ్మ ఏరుకుంటూ నా దగ్గరికి వచ్చేసరికి ఒక పూట గడిచింది.

"ఏంది శావుకారి కొడుకా, కావలి గాస్తానవా? మేం మిరపకాయలు ఎత్కపోంలే."

"అవ్వా, చేతులు ఎప్పుడు మండుతయ్?"

ఆమె నడుము నిటారుగా చేసి నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. "గిప్పుడడిగినవా? ఏరేటప్పుడు తెల్వనే తెల్వది కొడుకా, చెయ్యి పనిల ఉంటది. ఇంటికి వొయి నీళ్లు తాకినంక భగ్గుమంటది. చిన్న మనుమడున్నడు. వానికి బువ్వ గలిపి పెట్టరాదు, మొఖం గడగరాదు. మొన్న చీమిడి తుడిసిన, కండ్లకు తాకె. పొద్దుగూకిందాంక ఏడ్సిండు. గప్పటి సంది వాన్ని ఎత్తుకుంటలేను. వాడు నా దిక్కు ఉరికొస్తే చేతులు ఎనకకు వెట్టుకోని నిలవడ్త."

నేను చేను చూసి తొడుగులు కొన్నాను. ఆమె కష్టం ఇంట్లో ఉంది. ఈ ఒక్క మాట చెప్పడానికి ఇప్పుడు కాలేజీల్లో తెరలు దించి, రంగు రంగుల బొమ్మలు వేసి, గంటసేపు ఉపన్యాసాలు ఇస్తున్నారు. సారమ్మ సాలు ఆపకుండా చెప్పింది.

మరునాడు ఆమే ఒక తొడుగు తెమ్మంది. కొడవలితో దాని వేళ్లు కోసేసింది. "ఐదు వేళ్లెందుకు? కాయ దెంపేది మూడు వేళ్లే" అంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మాత్రం ఉంచి మిగతావి పారేసింది. గోరు ఉండే చోట రబ్బరును చిన్నగా కత్తిరించింది. "తొడిమ దెంపేది గోరు. దానికి బట్ట గడితే అది గుడ్డిదైతది" అంది. తన కొంగు చివర చింపి వేలికి చుట్టి, దాని మీద రబ్బరు ఎక్కించింది. "రబ్బరు కారం ఆపుతది, నూలు చెమట తాగుతది. ఊడకుంట మణికట్టుకు దారం గట్టాలె." అంతవరకు వాళ్లు వేళ్లకు ఉత్త గుడ్డపేలికలే చుట్టుకునేవాళ్లట. గుడ్డ కారం పీల్చుకుని ఇంకా మండించేది. ఆమె దగ్గర గుడ్డ ఉంది, నా దగ్గర రబ్బరు ఉంది. రెండూ కలిపే ఆలోచన ఆమెది.

మూడు రోజులు పట్టింది. మొదటి రోజు దారం బిగుతై వేళ్లు తిమ్మిరెక్కాయి. రెండో రోజు నూలు మడతపడి బొబ్బ లేచింది. కూలి ఏరిన కాయ బరువు మీద. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడంలో సారమ్మ గంప ఆ మూడు రోజులూ అందరికంటే వెనకబడింది. పక్క సాలు ఆమె, "శావుకారి కొడుకుతోని ఆటలాడుకుంట కూలి వోగొట్టుకుంటానవే" అని కసిరింది కూడా. నేను అది విన్నాను. విని, దారం ఎంత పొడుగుండాలో కాగితం మీద రాసుకున్నాను. తరువాత వచ్చిన ఆదివారం వాళ్ల వాడకు పోతే, సారమ్మ చర్చి నుంచి మనుమణ్ణి చంకనేసుకుని వస్తోంది. వాడు ఆమె వేళ్లు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. "సూడు" అంది.

మా అత్త పాత నూలు చీరలన్నీ బయటికి వచ్చాయి. ఆమె మిషను మీద లోపలి గుడ్డ కుట్టేది, నేను రబ్బరు వేళ్లు కోసేవాడిని. సారమ్మ వాటిని వేలితిత్తులు అంది, అదే పేరు నిలిచింది. అంగడి నాడు గోనెపట్టా పరచుకుని కూర్చుంటే మొదట నవ్వినవాళ్లే వచ్చి కొన్నారు. ఉగాదికి వారం ముందు కాలేజీ కిటికీ దగ్గర ఫీజు కట్టి రసీదు తీసుకున్నాను. గద్దె తప్పింది.

బాపు వచ్చాడు. ఒక తిత్తి వేలికి ఎక్కించుకున్నాడు. గోరు దగ్గర రంధ్రం చూశాడు. లోపలి గుడ్డ తిప్పి చూశాడు. ఆయన ముఖంలో వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

"గిది ఎవలు జెప్పిన్రు నీకు?"

"ఎవలు జెప్తరు బాపూ? నేనే ఆలోచించిన."

ఎందుకు అట్లా అన్నానని చాలాసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చిన్నతనమని, మెప్పు కోసమని అనుకున్నాను. అవేవీ అసలు కారణం కాదు. ఒక కూలీ అవ్వ చెప్పిందంటే బాపు తరువాత అడిగే మాట ఏమిటో నాకు ముందే తెలుసు. 'ఆమెకేమిచ్చినవ్?' అంటాడు. ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే ఆ అబద్ధం. బాపు దాన్ని బజారంతా చెప్పాడు. మావాడు బుర్ర పెట్టిండని చెప్పాడు. చనిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ నాకూ అది నిజమే అనిపించసాగింది. నేను చివరికి ఆ గద్దె మీదికే వచ్చాను, కాకపోతే డిగ్రీ పట్టుకుని, నా ఇష్టంతో వచ్చాను. పెళ్లిళ్లలో, రోటరీ భోజనాల్లో, కుర్రాళ్లకు బుద్ధులు చెప్పేటప్పుడు ఆ కథ చెప్పాను. ఒక్కసారి కూడా అందులో సారమ్మ లేదు.

ఇక భూపాలపల్లి. వేదిక మీద పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. టేకుమట్ల నుంచి వచ్చిన రవళి అనే అమ్మాయి తన వంతు రాగానే భుజానికి ఒక సంచి తగిలించుకుని నిలబడింది. ఎరువుల సంచి గుడ్డతో కుట్టింది. పత్తి ఏరే ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుంటారు, అది నిండేకొద్దీ నడుము లాగుతుంది, కుప్ప దగ్గర వంగి దులపాలి. ఈ సంచి బరువు భుజాల మీద పడుతుంది, అడుగున ముడి విప్పితే పత్తి నిలబడ్డ చోటే జారిపోతుంది. మూడు ఊళ్లలో అమ్మింది. కొన్నవాళ్లు ఏం తప్పులు పట్టారో కూడా చెప్పింది. "నడుము వంచుడు తప్పిందని అంటాన్లు సార్, గని భుజం కాడ కోస్తాందట, గక్కడ మెత్త వెడ్తాన" అంది. నగరం నుంచి వచ్చిన ముఖ్య అతిథి చిరునవ్వుతో, "కొంచెం మంచి తెలుగులో చెప్పమ్మా" అన్నాడు. హాలు నవ్వింది. ఆ అమ్మాయి తెలుగులో ఏ లోపమూ లేదు. సినిమాల్లో మా మాటను జోకర్ల నోట్లో పెట్టి నవ్వించి నవ్వించి, చివరికి మా పిల్లలు మా ఊళ్లోనే మా మాట మాట్లాడితే మేమే నవ్వేదాకా తెచ్చారు. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఈ ఆలోచన నీకెలా వచ్చింది?"

"నాకు రాలె సార్. మా అమ్మకొచ్చింది. నేను కుట్టిన, అమ్మిన."

నా పక్కన కూర్చుని మార్కులు వేస్తున్న ఆయన కలం కాగితం మీద ఏదో కొట్టేయడం నేను చూశాను.

తరువాత నలుగురు అబ్బాయిలు వచ్చి, కూలీలను ఫోనులోనే పిలిపించే యాప్ గురించి చెప్పారు. యాప్ ఇంకా తయారు కాలేదు, బొమ్మలు మాత్రం బాగున్నాయి. ఒక్క కూలీనైనా అడిగారా అన్నాను. "సర్వే చేస్తం సార్" అన్నారు. వాళ్లకే మొదటి బహుమతి. ప్రిన్సిపాల్ గదిలో చాయ్ తాగుతూ మార్కులు కలుపుతుంటే నేను గొంతు పెంచాను. ఆ పిల్ల అమ్మింది, వీళ్లు అమ్మలేదు. ఆ పిల్ల అడిగింది, వీళ్లు అడగలేదు. ఏం చూసి ఇచ్చారన్నాను. కార్యక్రమం నడిపే లెక్చరరు చాలా మర్యాదగా జవాబిచ్చాడు.

"సొంత ఆలోచనకు ఇరవై మార్కులున్నాయి సార్. తనది కాదని ఆ అమ్మాయి తన నోటితోనే చెప్పింది కదా. మీ సంగతే తీసుకోండి. మీరు ఎవరి మీదా ఆధారపడలేదు, సొంత బుర్రతో చేశారు. మా పిల్లలకు మీరే ఉదాహరణ."

నోరు తెరిచాను. బిస్కెట్టు చాయ్‌లో విరిగిపడింది. మూసుకున్నాను. రవళికి ప్రోత్సాహక బహుమతి అని ఒక కాగితం, ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. నిజం చెప్పినందుకు ఇరవై మార్కులు కోసే పద్ధతి ఎక్కడిది? ముప్పై ఏళ్ల కింద మాకు తెరలు లేవు, బొమ్మలు లేవు, శాలువాలు లేవు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. కష్టం ఎవరిదో, దాని విరుగుడు ఎవరికి తెలుసో వాళ్ల పేరు మాత్రం అప్పుడూ కాగితం మీద లేదు, ఇప్పుడూ లేదు. అందుకే కోపంతో ఊగిపోతూ బయటికి వచ్చాను.

గేటు దగ్గర రవళి నిలబడి ఉంది. ఓదార్చబోయాను. ఓదార్పు ఆమెకు అక్కర్లేదు.

"సార్, మీది జనగామల దుకాన్ అన్నరు గద. సంచులు ఎన్ని తీస్కుంటరు?"

నాకు నవ్వొచ్చింది. ధర అడిగాను, చెప్పింది. అలవాటు కొద్దీ సగం నుంచి మొదలుపెట్టాను. ఆ పిల్ల మెట్టు మెట్టుగా దిగింది కానీ ఒక చోట ఆగిపోయింది.

"గంతకన్న తగ్గది సార్. సంచికి ఐదు రూపాలు మా అమ్మవి. గవి ముడుతలేను."

"మీ అమ్మే కదా. ఇంట్లో మనిషికి లెక్కేంది?"

"ఇంట్ల మనిషైతే? ఉపాయం ఆమెదే గద సార్."

వంద సంచులకు మాట ఇచ్చి కారెక్కాను. జనగామ చేరినా ఆ మాట నన్ను వదల్లేదు. నాలుగో రోజు మానుకోట మీదుగా డోర్నకల్ దారి పట్టాను. సారమ్మ లేదు. పోయి కొన్నేళ్లయిందట. ఆమె కోడలు గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను ఎవరో చెప్పాను, ఆ రోజుల్లో ఏం జరిగిందో చెప్పాను.

"మా అత్త చెప్తుండె. అంగట్ల అమ్మే వేలితిత్తులు నా ఉపాయమే, శావుకారి కొడుకుకు నేనే నేర్పిన అని. ఇంట్ల అందరం నవ్వుతుంటిమి. 'నీకంత తెలివుంటే మనమిట్లెందుకుంటం' అని మా ఆయినె ఎక్కిరిస్తుండె. పానం వొయ్యేదాంక చెప్పింది. ఒక్కలం నమ్మలె."

సారమ్మ ఉపాయమే అది, అని ఆ గడపలో నిలబడి గట్టిగా చెప్పాను. ఆ మనుమడు ఇప్పుడు లారీ నడుపుతాడట, ఇంట్లో లేడు. వాడికి ఫోను చేయించి వాడితోనూ చెప్పాను. కాలేజీకి ఉత్తరం రాశాను, నన్ను ఉదాహరణగా చెప్పవద్దని, ఎందుకు వద్దో కూడా రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ఇక లెక్క. నాకు దక్కినవి: ఒక డిగ్రీ, బాపు ముఖంలో ఆ వెలుగు, ముప్పై ఏళ్ల పొగడ్త, ఒక శాలువా. సారమ్మకు పోయినవి: మూడు రోజుల కూలిలో సగం, సొంత ఇంట్లో తన మాట విలువ. నేను ఆమెకు ఇచ్చింది కూడా రాయాలి. ఆ మూడు రోజులూ కట్టి చూసిన జత చిరిగిపోయిందని, అమ్మకం మొదలైన మొదటి అంగడి నాడే సారమ్మ నా గోనెపట్టా ముందు కూర్చుంది. కొంగు ముడి విప్పుతూ, "నాకు జర తగ్గియ్యి కొడుకా, నేను జెప్పిందే గద" అంది. చుట్టూ పదిమంది వింటున్నారు. ఉగాది దగ్గర పడుతోంది. "అందరికి ఒకటే రేటు అవ్వా" అన్నాను. రెండు చేతులకు ఆరు తిత్తులు తీసుకుంది. పూర్తి ధర ఇచ్చింది. నేను చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి జేబులో వేసుకున్నాను.